సైదులు గుంటలో చేదు మేత

కోదాడ

మా కైకలూరు వైపు చేపల చెరువు లేని ఊరు ఉండదు. అలాంటి చోటి నుంచి చేపల పని మీద సూర్యాపేట జిల్లాకి వెళ్తున్నానంటే మా వీధిలో నవ్వని వాళ్లు లేరు. "నేర్పడానికా, నేర్చుకోవడానికా?" అని మా ఆయన కూడా వెటకారం ఆడాడు. నాకు ఒళ్లు మండి, ఫ్రిజ్‌లో కూర ఏ గిన్నెలో ఉందో చెప్పకుండానే బస్సెక్కేశాను.

నేను వెళ్లింది సుగుణ కోసం. నిరుడు వాళ్ల మహిళా సంఘం వాళ్లు చేపల చెరువులు చూడటానికి మా ఊరు వచ్చారు. అందరిలోకీ ఎక్కువ ప్రశ్నలు వేసిన మనిషికే జ్వరం తగిలింది. మిగతా వాళ్లు వెళ్లిపోతే తను మా ఇంట్లో ఉండిపోయింది. దుప్పటి కప్పుకుని, మూలుగుతూ కూడా మేత గురించే అడిగేది. ఇంటికి వెళ్లాక భర్తతో నెలల తరబడి పోట్లాడి, వరి పండే మంచి ఎకరంలో గుంట తవ్వించి చేపపిల్లలు వదిలింది. అవి చేతికొచ్చే వేళకి ఫోను చేసింది.

"అక్కా, చేపల మీద ఎర్ర మచ్చలు లేస్తున్నయ్. మా ఆయన గుంట పూడుస్తనంటుండు. ఒక్కపారి రా అక్కా."

కోదాడ బస్టాండు దగ్గర నా కోసం కాచుకుని నిలబడింది. చెంపలు లోపలికి పోయాయి. పక్కనే చాయ్ తాగాం. కప్పు మా ఊరి కప్పులో సగం ఉంటుంది, ధర మాత్రం మా ఊరిదాని కంటే ఎక్కువ. చాయ్ కొట్టాయన నాతో "ఏ ఊరండీ మీది? చక్కెర సరిపోయిందాండీ?" అని మా వైపు వాడిలాగే మాట్లాడాడు. వెంటనే సుగుణ వైపు తిరిగి "ఏందక్కా, గిట్ల ఎండిపోయినవ్? పరేషాన్ ఏమన్న ఉన్నదా?" అన్నాడు. ఒకే నోట్లో రెండు ఊళ్లు ఉన్న మనిషిని చూడటం నాకదే మొదలు. ఇంకో రోజైతే ఆయన్ని కూర్చోబెట్టి కబుర్లు చెప్పించేదాన్ని. ఆ రోజు సుగుణ కప్పులో చాయ్ అలాగే మిగిలిపోయింది.

నడిగూడెం పక్కన

సుగుణ వాళ్ల ఊరు నడిగూడెం దాటాక వస్తుంది. ఆటో దిగగానే వినిపించింది పొక్లెయిన్ చప్పుడు. వాళ్ల పొలం పక్క చేనులో మట్టి ఎత్తి పోస్తోంది. ఆ పసుపుపచ్చ యంత్రం వైపు సుగుణ తలెత్తి కూడా చూడలేదు.

గట్టు మీద సైదులు నిలబడి ఉన్నాడు. సుగుణ భర్త. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నన్ను చూసి తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

"మంచిగున్నవా అక్కా? ఎండల వడి వచ్చినవ్. గని నీకు నేను అబద్ధం చెప్ప. పొక్లెయినాయనకు మాటిచ్చిన. ఆ చేన్ల పని అయిపోంగనే ఇటు వస్తడు. యాసంగి నారు పోసేటాలకు నాకు నా మడి కావాలె. ఈ గుంట ఇగ ఖతం."

"మీ ఆవిడ ఇంత కష్టపడి..."

"కష్టం నేను వడలేదా?" అన్నాడు. గట్టు దిగి వెళ్లి వల తెచ్చాడు.

వల వేసి నాలుగు చేపలు తీయించాను. మేము శీలావతి అనేదాన్ని వీళ్లు రవ్వ అంటారు. రెక్కల మొదట్లో ఎర్రటి మచ్చలు, పొట్ట కింద పొలుసు వదులై వేలికి అంటుకుని వస్తోంది. చేపల్ని మెల్లగా నీళ్లలోకి వదిలేయించాను. అక్కడే మేత బస్తాలు చూశాను. వానకి తడిసి ముక్కిపోయిన తౌడు. ఒక్క బస్తా మాత్రమే బాగుంది.

మా చిన్న చెరువులో కొన్నేళ్లుగా తిప్పతీగ, ఉత్తరేణి, వేపాకు, పసుపు, వెల్లుల్లి కాచి, వడకట్టి మేతలో కలుపుతున్నాం. జబ్బొస్తే డబ్బాల మందు గుమ్మరించే వాళ్లని చూసి చూసి విసుగొచ్చి మొదలుపెట్టిన పని అది. చేపలు చురుగ్గా ఉంటున్నాయి. అంతకు మించి చెబితే అది గొప్పలు పోవడమే అవుతుంది. సుగుణకీ ఆ మాటే చెప్పాను.

"చాలక్కా. అవి నిలవడితే చాలు. మా సంఘంల ఇంకో ముగ్గురు గుంట తవ్విస్తమని నా దిక్కే సూస్తున్నరు. నాది పూడిస్తే వాళ్ల మొగోళ్లు గిదే సూపెడ్తరు," అంది.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు పులుసు అంటే కాగాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, మిరప పిసికి పొయ్యి మీద పెట్టకుండానే తింటారు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. చేపల గుంట ఉన్న ఇంట్లో చేపల కూర లేదేమిటని సుగుణ అత్తగారిని అడిగాను.

"మా సైదులు ఒద్దన్నడు బిడ్డా. బీమారొచ్చిన కాన్నుంచి మనింట్ల చేప వండొద్దన్నడు. బజార్ల కొన్నది గూడ తేనిస్తలేడు," అంది ఆమె మోకాళ్లు రాసుకుంటూ.

గుంట మీద అంత కోపమన్నమాట అనుకున్నాను.

సూర్యాపేట

మర్నాడు రెండు చేపల్ని నీళ్ల క్యానులో వేసుకుని సూర్యాపేట వెళ్లాం. బస్సులో ఆ క్యాను కదిలినప్పుడల్లా ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. చివరికి ఉండబట్టలేక "బతికున్నయా అమ్మా?" అని అడిగాడు. "ప్రస్తుతానికి," అన్నాను. ఆయన దిగేదాకా మళ్లీ తిరగలేదు.

చేపల జబ్బులు చూసే ఒక డాక్టరు గారు ఉన్నారు. రెక్కలు విప్పి చూశారు, మొప్పలు తెరిచి చూశారు, మేత ఏం పెడుతున్నారని అడిగారు.

"ఇంకా ముదరలేదు. ముక్కిన తౌడు ఈ రోజే ఆపండి. గుంటలో సున్నం చల్లండి, కొత్త నీళ్లు పట్టండి. ఆకుల కషాయం మేతలో పెడతానంటే పెట్టండి, ఒంట్లో బలానికి పనికొస్తుంది. కానీ అదొక్కటే మంత్రం అనుకోవద్దు. మొప్పలు మాత్రం జాగ్రత్త. ఇప్పటికే నీరసంగా ఉన్నాయి, ఘాటైనదేదీ తగలనివ్వకండి."

సుగుణ ఆయన మాటల్లో ఒక్కటే పట్టుకుంది. "ముదరలేదన్నడు గద అక్కా?" అని మెట్లు దిగేలోపు నాలుగుసార్లు అడిగింది.

తిప్పతీగ, ఉత్తరేణి ఆమె పొలం గట్ల మీదే దొరుకుతాయి. ఎండిన నేలవేము కూడా కాస్త వేద్దామని మూలికల దుకాణానికి వెళ్లాం. తెల్ల గడ్డం, జేబులో సుర్మా సీసా ఉన్న పెద్దాయన తక్కెడ పట్టుకుని అడిగాడు.

"ఎవరికమ్మా? జ్వరమా, షుగరా?"

"చేపలకండీ."

తక్కెడ కింద పెట్టేశాడు. "యాభై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. మనుషులకిచ్చిన, బర్లకిచ్చిన. చేపలకు కడుపునొప్పి లేస్తదని నాకు ఇయ్యాల్నే తెలిసింది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. సుగుణ ముఖం చూశాక నవ్వు ఆపి, ఇంకో గుప్పెడు పొట్లంలో వేశాడు. "దువా చేస్త బిడ్డా. నయమైతే నాకో చేప తీసుకరా."

సుగుణ కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత నవ్వానని తనే చెప్పింది. ఇంటికి వెళ్లేసరికి పొక్లెయిన్ వాళ్ల గట్టుకి ఇంకా దగ్గరగా జరిగి ఉంది.

మిర్యాలగూడ

మూడో రోజు తాజా తౌడు కోసం మిర్యాలగూడ బయల్దేరాం. అక్కడ ఏ వైపు చూసినా బియ్యం మిల్లే కాబట్టి నూనె తీసిన తౌడు దొరకడం కష్టం కాదు. ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. మేమిద్దరం వెళ్తే కషాయం కాచే పని సైదులుదే.

ఆ పని ఆయనకి అప్పజెప్పడం సుగుణకి ఇష్టం లేదు, నాకు అంతకన్నా లేదు. కానీ పొద్దున్నే ఆకులన్నీ ఆయనే కోసుకొచ్చి పెట్టాడు. దంచాల్సినవి, కాగాల్సినవి చెప్పాను. మంచి తౌడు ఉన్న ఆ ఒక్క బస్తాలో కషాయం కలిపి, మా వైపు కట్టినట్టే చిల్లుల సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకి మధ్యాహ్నం కట్టమన్నాను. ఇంకా చెప్పేదాన్నే. ఆటో అబ్బాయి హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"మిగతాది మీకు తెలిసిందే కదా. పొలానికి వేప కషాయం చేసే చెయ్యి," అనేసి ఎక్కాను.

ఆయన తలూపాడు.

వరి కోతల కాలం. మిర్యాలగూడలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు వడ్ల మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నారు. ఒకాయన బండి కిందే పొయ్యి పెట్టి అన్నం వండుకుంటున్నాడు. రొయ్యల కాలంలో మా దగ్గర ఐసు లారీలు ఇలాగే నిలబడతాయి కానీ అక్కడ ఎవడూ నిద్రపోడు, అందరూ అరుచుకుంటూనే ఉంటారు. ఇక్కడ గాలంతా ఊకే. మిల్లు గుమాస్తా కనుబొమ్మల మీద కూడా తౌడు పేరుకుని ఉంది. బస్తా విప్పించి, గుప్పెడు తీసి వాసన చూశాను. ఆయనకి రోషం వచ్చింది.

"మా తౌడు ముక్కుతదా అమ్మా? గీడ తౌడు ఒక్క దినం ఉండది, లారీలు కాసుకోని ఉంటయ్."

బస్తాలు ఎక్కించి, పక్క బండి దగ్గర మొక్కజొన్నతో చేసే వేడి వేడి మక్క గారెలు తీసుకున్నాం. మొదటి గారె నోట్లో పెట్టానో లేదో సుగుణ ఫోను మోగింది. అత్తగారు. ఆమె గొంతు అవతలి గట్టుకి వినపడేంత పెద్దది, నాకూ వినిపించింది.

"ఓ సుగుణా, నేను దుప్పట్లు ఎట్ల పిండాలె? సర్ఫు డబ్బ ఖాళీ ఉన్నది. నీ మొగడు మొత్తం తీస్కపోయి డ్రమ్ముల కుమ్మరించిండు."

"ఏ డ్రమ్ము అత్తమ్మా?"

"మీ చేపల మందు డ్రమ్మే. కట్టెతోని మస్తు కలిపిండు. నురుగే నురుగు."

సుగుణ చేతిలో గారె కింద పడింది. "ఆయనేడి? ఆయనకియ్యి ఫోన్!"

"గుంటకాడికి వాయె. ఫోన్ గీడనే చార్జింగ్ పెట్టిండు. నా మోకాళ్లు మంచిగుంటే నేనే పోతుంటి. ఇంటి సుట్టు ఒక్క మనిషి లేడు, అందరు కోతలకాడనే ఉండ్రి."

సబ్బు నురుగు చేపల మొప్పలకి తగిలితే ఏమవుతుందో చేపలు పెంచే ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా వైపు చెరువు గట్టున బట్టలు ఉతికితే కొట్టినంత పని చేస్తారు. ఘాటైనదేదీ తగలనివ్వొద్దని డాక్టరు గారు నిన్ననే చెప్పారు. ఇప్పుడేమో ఒక డబ్బా సర్ఫు మేతలోకే వెళ్లింది.

తిరుగు దారి

ట్రాక్టర్ల వరుస మధ్య మా ఆటో ఇరుక్కుపోయింది. సుగుణ దిగి, ఒక్కొక్క డ్రైవరునీ తట్టి లేపింది. "అన్నా, జర జరుగు. నా చేపలు సస్తున్నయన్నా." ఎవరికీ ముక్క అర్థమై ఉండదు. అయినా ఆ గొంతు విని లేచి బండ్లు జరిపారు.

ఊరు దాటాక కూడా వేగం లేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. వాటి అంచున రాళ్లు పెట్టి, పక్కన గొడుగు కింద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదురుగా లారీ వస్తే మేం ఆగాలి, లేదా దానికి దారి ఇవ్వాలి. ఊరి వాళ్లందరికీ ఫోన్లు చేసింది సుగుణ. కోత మిషన్ల చప్పుడులో ఒక్కరు కూడా ఎత్తలేదు.

ఇక చేసేదేం లేక బస్తాల మీద కూర్చుంది. ఫోను ఒళ్లో పడేసుకుంది.

"పొలానికైతే సర్ఫు కలుపుతం అక్కా. కలపకుంటే మందు ఆకు మీద నిలవది, జారిపోతది. గని చేపలకు ఎవలన్న పోస్తరా?" నా వైపు తిరిగింది. "తెల్వక పోసిండా, తెలిసే పోసిండా? చేపలు సస్తే ఇగ లొల్లే ఉండది గద. గుంట అదే పూడుతది."

మిర్యాలగూడ దాటినప్పటి నుంచీ నా బుర్రలోనూ అదే తిరుగుతోంది. పొక్లెయిన్‌కి మాటిచ్చిన మనిషి, ఇంట్లో చేప పేరెత్తనివ్వని మనిషి. ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే "మీకు తెలిసిందే కదా" అన్న నా నోటి మీద వచ్చింది. వాళ్లకి తెలిసింది పొలం కషాయం. ఆ సంగతి అడగకుండా హారన్ మోతకి తొందరపడింది నేను.

కోదాడలో చాయ్ కొట్టు ముందు నుంచే వెళ్లాం. ఆ పెద్దమనిషి చెయ్యెత్తి పలకరించాడు. మేమిద్దరం చూసి కూడా చెయ్యెత్తలేకపోయాం.

గట్టు మీద

మేం చేరేసరికి సంచులు కట్టేసి ఉన్నాయి. ఒక్కో కర్ర చుట్టూ తెల్లటి నురుగు తేలుతోంది. సైదులు గట్టు మీద గొంతుకూర్చుని నీళ్ల వైపే చూస్తున్నాడు. అటు మూలన చేపలు పైకి లేచి నోళ్లు తెరుస్తున్నాయి. పొక్లెయిన్ పక్క చేను ముగించి, సరిహద్దు దగ్గర ఆగి ఉంది.

"సంచులు తీసెయ్! తీసెయ్ తమ్ముడూ, సబ్బు!" అని అరిచాను.

ఆయనకి ఏం అర్థమైందో తెలియదు, బట్టలతోనే దూకేశాడు. రొమ్ముల లోతు నీళ్లలో ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్లి, ముడి విప్పే ఓపిక లేక పళ్లతో కొరికి తెంపి, సంచులు గట్టు మీదికి విసిరాడు. సుగుణ పరుగెత్తి బోరు మోటారు వేసింది. కొత్త నీళ్లు దబదబా పడటం మొదలయ్యాక చేపలు మెల్లగా అటు కదిలాయి. సంచుల్లో మేత చూస్తే దాదాపు అలాగే ఉంది. వాటికి ఆ వాసన నచ్చినట్టు లేదు. మా కంటే అవే తెలివైనవి.

సుగుణ మొగుడి ఎదురుగా నిలబడింది.

"నిజం జెప్పు. సంపుదామనే పోసినవా?"

సైదులు ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు.

"సంపనీకా? నేనా?" అన్నాడు. "పొలానికి ఎట్ల జేస్తనో గట్లనే జేసిన. సర్ఫు లేకుంటే మందు నిలవది గద. పొలానికైతే చారెడే ఏస్తం. వీటికి బీమారి ఎక్కువున్నదని... మంచిగ పట్టాలెనని డబ్బ మొత్తం ఏసిన." తడి తలపాగాలో ముఖం దాచుకుని కూలబడ్డాడు. "రోజు సూస్తున్న గదనే. ఒక్కొక్కటి తేలుతుంటే నేనే తీసి బొంద పెడుతున్న. సూడలేకనే పూడుస్తనన్న. మీరేమో నేను పగ వట్టిన్నని..."

ఇంట్లో చేప ఎందుకు వండనివ్వలేదో అప్పుడు అర్థమైంది నాకు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏడుపు కూడా వచ్చింది. సుగుణ కొంగుతో ఆయన తల తుడుస్తూ "డబ్బ మొత్తం ఎవలన్న ఏస్తరా పిచ్చోడా," అని తిట్టింది.

మర్నాడు పొద్దున కొన్ని చేపలు తేలాయి. భయపడినన్ని కావు. సైదులు వాటిని తీసి పాతిపెట్టి వచ్చి మళ్లీ కషాయం మొదలుపెట్టాడు. ఈసారి నేను పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. పసుపు చేతిలోకి తీసుకుని "గిది ఏస్తనా అక్కా?", వెల్లుల్లి తీసుకుని "గిది ఏస్తనా?", ఆఖరికి నీళ్లు పట్టుకుని కూడా "గివి ఏస్తనా?" చల్లారాక వడకట్టి, కొత్త తౌడులో పోసి, జిగురు కోసం అన్నం గంజి కలిపాం. ఆ గంజి పొయ్యగానే మేత ముద్ద కట్టడం చూసి ఆయన తల పట్టుకున్నాడు.

"గీ గంజి ముచ్చట నిన్ననే జెప్తే అయిపోతుండె గదక్కా."

"తప్పు నాదే తమ్ముడూ," అన్నాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా సంచులు నింపుకుంటున్నాడు.

కర్రలకి కట్టి వచ్చి ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. చేపలు కింది నుంచి సంచిని చీకితే పైన కర్ర ఊగుతుంది. మా ఊళ్లో మేత తింటున్నాయో లేదో అలాగే తెలుసుకుంటాం. ఒక్క కర్ర కూడా కదల్లేదు. చేదు కదా, నిన్నటి భయం కూడా ఉంటుందేమోనని నేను ఏదో చెప్పబోయాను. సుగుణ చెయ్యెత్తి ఆపింది. ఎండ ఎక్కుతోంది. అవతల పొక్లెయిన్ ఇంజను మోగింది. గొలుసుల చక్రాలతో గట్టు కింది దాకా వచ్చి ఆగింది. సుగుణ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు గుచ్చుకుంటున్నా నేను వదిలించుకోలేదు.

డ్రైవరు కిందికి దిగకుండానే కేక వేశాడు. "సైదులన్నా! ఏ దిక్కు నుంచి మొదలు పెట్టాలె?"

సరిగ్గా అప్పుడే మూలనున్న కర్ర చివర కదిలింది. గాలికేమో అనుకున్నాను. మళ్లీ కదిలింది. దాని పక్కది, తర్వాత మధ్యలోది. సైదులు లేచి నిలబడి డ్రైవరు వైపు చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు బాగా తగ్గించి, నిద్రపోయే పసిపాప ఇంట్లో ఉన్నట్టు మాట్లాడాడు.

"సప్పుడు జెయ్యకు తమ్మీ. బండి బంద్ జెయ్. చేపలు తింటున్నయ్."